పరిశోధక బృందపు వెబ్‌సైటు – జెకిల్ గుణదోషములు

విశ్వవిద్యాలయములోని పరిశోధక బృందమునకు వెబ్‌సైటు వట్టి ప్రచారపత్రము కాదు. బృందమున ఎవరెవరు పనిచేసిరి, ఏయే పరిశోధన పత్రములు వెలువడినవి, కొలతల పట్టికలు ఎచట దొరకును అను విషయములకు అది చిట్టా. చేరదలచిన విద్యార్థి మొదట చూచునది దానినే. అట్టి చిట్టాను నడుపుటకు పెక్కు బృందములు స్టాటిక్ సైట్ జనరేటర్ అను తరగతి ప్రోగ్రాములను వాడుచున్నవి. వానిలో బాగుగా పేరుగాంచినది జెకిల్. టామ్ ప్రెస్టన్-వెర్నర్ 2008లో దీనిని రూబీ భాషలో వ్రాసెను.

దీని పద్ధతిని పాఠశాల ఉదాహరణముతో గ్రహింపవచ్చును. కాలపట్టికను తెలుపుటకు రెండు దారులు కలవు. అడిగినవారికెల్ల గుమాస్తా రిజిస్టరు తెరచి, అప్పటికప్పుడు కాగితముపై వ్రాసి యిచ్చుట ఒకటి. ఒక్కసారి వ్రాసి నోటీసు బోర్డునకు అంటించుట రెండవది. వర్డ్‌ప్రెస్ వంటివి సాధారణముగా మొదటి దారిన పోవును. చదువరి కోరినప్పుడు డేటాబేసులోని విషయమును తీసి పుటను కూర్చును. జెకిల్ రెండవ దారిని పట్టినది. బృందమువారు మామూలు ఫైళ్లలో విషయమును వ్రాసెదరు. పుటల ఆకారమును నిర్ణయించు నమూనాలు వేరుగా నుండును. ప్రోగ్రాము ఈ రెంటిని కలిపి పుటలన్నింటిని ముందే తయారుచేసి పెట్టును. సర్వరునకు మిగిలిన పని వానిని అందించుట మాత్రమే.

ఇందలి లాభము చిన్నది కాదు. క్రొత్త పత్రము వివరమును ఒక్క జాబితాలో చేర్చినచో, నమూనాను బట్టి అది మొదటి పుటలోను, రచయితల పుటలలోను తానే కనిపించును. డేటాబేసు లేనందున దానిని కాపాడు పనియు లేదు. అయితే చదువరులు ఫారము నింపి పంపవలెనన్న వేరొక సేవను ఆశ్రయింపక తప్పదు. పరిశోధక బృందమునకు ఆ అవసరము అరుదు.

పద్ధతి మంచిదే, చిక్కు పనిముట్టులో ఉన్నది. జెకిల్ పుట్టినది ప్రోగ్రాములు వ్రాయువాని దినచర్య కొరకు. తేదీ వేసిన వ్యాసములే దానికి సహజమైన సామగ్రి. సభ్యుల పట్టిక, పత్రముల పట్టిక వంటివానికి తగిన ఏర్పాట్లు తరువాత చేరినవి. ఆ పట్టికలను సాధారణముగా యామల్ అను పద్ధతిలో వ్రాయుదురు. అందు రెండు చుక్కల గుర్తు (:) పేరును విలువనుండి వేరుచేయును. పరిశోధన పత్రముల శీర్షికలలోనేమో ఆ గుర్తు సర్వసామాన్యము! శీర్షికను ఉద్ధరణ చిహ్నముల నడుమ ఉంచుట మరచినచో ఆ జాబితా చదువబడక పుటల నిర్మాణమే ఆగిపోవును. భౌతికశాస్త్ర ఆచార్యునికి అప్పుడు కనబడు సందేశము వలన కారణము తెలియుట కష్టము.

అంతకంటె గట్టి ఉదాహరణము 2020 డిసెంబరునాటిది. ఆ నెల వెలువడిన రూబీ 3.0లో వెబ్రిక్ అను చిన్న సర్వరును ఆ భాషతో సహజముగా వచ్చు సామగ్రి నుండి తొలగించిరి. జెకిల్ తన పుటలను సొంత కంప్యూటరుపై ముందుగా చూపుటకు దానినే నమ్ముకొని యుండెను. క్రొత్త రూబీని ఎక్కించుకొన్నవారి సైటులో ఒక్క అక్షరమైనను మారకుండగనే ముందుచూపు పనిచేయుట మానెను. వెబ్రిక్‌ను మరల చేర్చుటకు ఒక్క ఆజ్ఞ చాలును. కాని ఆ ఆజ్ఞ తెలిసినవారు బృందమున నుండవలెను గదా! సాధారణముగా సైటును నిర్మించునది ఒక పరిశోధక విద్యార్థి. నాలుగైదేండ్లకు అతడు పట్టము పొంది వెడలిపోవును. ఆ మీదట వెళ్ళినవారు సభ్యులుగనే నిలిచియుందురు, చేరినవారి పేర్లు కానరావు.

ఈ చిట్టా చెడుటకు స్థిరపుటలు కారణము కావు. జెనీవా దగ్గరి సెర్న్ సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ ఏర్పరచిన తొలి వెబ్‌సైటు పుటలను, 1992నాటి ప్రతి నుండి, 2013లో పూర్వపు చిరునామాలోనే మరల ఉంచిరి. నేటి బ్రౌజరులు వానిని చదువగలవు. ముసలిదగునది పుటలను తయారుచేయు యంత్రమే. కనుక మూల ఫైళ్లతోపాటు తయారైన పుటలను, వాడిన ప్రోగ్రాముల సంఖ్యలు గల జాబితాను దాచుట అవసరము. జెకిల్ సైటులో ఆ జాబితా జెమ్‌ఫైల్.లాక్ అను పేర నుండును. దానిని అనవసరమని తీసివేయువారు లేకపోలేదు.

గిట్‌హబ్ పేజెస్ సేవలో పుటల నిర్మాణము ఆ సంస్థ కంప్యూటర్లమీదనే జరుగును. ఆచార్యుడు బ్రౌజరులోనే ఒక పంక్తి దిద్ది ఊరకుండవచ్చును. ఇది నిజమైన ఉపశమనము. అయితే జెకిల్ 4వ కూర్పు 2019లోనే వచ్చినను, ఈ సేవ తన సొంత నిర్మాణమున తరువాత ఏండ్లకొలది 3వ కూర్పునే నిలుపుకొన్నది. విద్యార్థి యింట చక్కగా నడచినది అక్కడ నడువకపోవుట వింతగాదు. 2013లో స్టీవ్ ఫ్రాన్సియా ఆరంభించిన హ్యూగో ఈ విషయమున మెరుగు. అది ఒక్క ఫైలుగా వచ్చును, రూబీ అక్కరలేదు. దాని నమూనాల భాష క్రొత్తవారికి కటువే, కూర్పు మారినప్పుడు పాత నమూనాలు మొరాయించుటయు కలదు. కాని ఆ ఒక్క ఫైలును సైటు ప్రక్కనే దాచియుంచిన బృందము, మొదట కట్టిన విద్యార్థి వెళ్ళిన పిమ్మటను, అదే రకపు కంప్యూటరుపై పాత పుటలను పాత తీరుననే మరల కట్టుకొనవచ్చును.