తారీఖు ముందు ఇద్దరు నిర్వాసితులు

యుద్ధం తరిమినవాళ్లనూ, ప్రాజెక్టు కోసం ఊరొదిలేవాళ్లనూ ఒకే గాటన కట్టకూడదనేవారున్నారు. ఆ మాటలో నిజముంది. ఉక్రెయిన్‌వాళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి దేశం దాటారు. వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామాలవాళ్లు ఓటుతో, రేషన్ కార్డుతో సొంత నేల మీదే ఉన్నారు. వాళ్ల ఊళ్లు మునిగేది మార్కాపురం, గిద్దలూరు, కనిగిరి వంటి కరువు ప్రాంతాలకు నీళ్లివ్వడానికి. అయినా ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి చూడాల్సిన చోటు ఒకటుంది. అది ఆఫీసు గుమ్మం. ఏ తారీఖు నాటికి ఎక్కడున్నావు, రుజువేది, నీ తరఫున ఎవరొచ్చారు అని ఇద్దరినీ అడుగుతారు.

ముందు వేగం సంగతి. రష్యా దాడి మొదలైంది 2022 ఫిబ్రవరి 24న. మార్చి 4 కల్లా ఐరోపా సమాఖ్య తాత్కాలిక రక్షణ ఆదేశాన్ని అమల్లోకి తెచ్చింది. బాల్కన్ యుద్ధాల అనుభవంతో 2001లో రాసుకున్నా, అప్పటిదాకా ఒక్కసారి కూడా వాడని చట్టమది. దాని కింద ఎవరికి వారు తమకు ప్రాణభయం ఉందని విడిగా నిరూపించుకోనక్కర్లేదు. ఉండడానికి, పని చేసుకోవడానికి, పిల్లల్ని బడిలో వేయడానికి హక్కు ముందే వచ్చేసింది. నలభై లక్షల మందికి పైగా దాని నీడలో ఉన్నారు.

పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు శంకుస్థాపన జరిగింది 1996 మార్చి 5న. శ్రీశైలం జలాశయం నుంచి కొల్లంవాగు దగ్గర 43.5 టీఎంసీల వరద నీటిని తీసుకుని, సుమారు 18.8 కిలోమీటర్ల పొడవైన జంట సొరంగాల ద్వారా నల్లమలసాగర్‌కు చేర్చాలన్నది పథకం. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య సందులను కట్టలతో మూస్తేనే ఆ సాగర్ నిలుస్తుంది. మూస్తే లోపలున్న పదకొండు ఊళ్లు లేవాలి. 2024 మార్చి 6న సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఏడు వేలకు పైగా కుటుంబాల పునరావాసం అప్పటికీ తేలలేదు.

ఇంతవరకు చూస్తే ఐరోపాకే మార్కులు పడతాయి. తారీఖు దగ్గరకొచ్చేసరికి లెక్క మారుతుంది. ఆ ఆదేశం ఫిబ్రవరి 24 నాటికి ఉక్రెయిన్‌లో ఉన్నవారికే హక్కుగా వర్తించింది. కొద్ది వారాల ముందు బయటపడిన కుటుంబాన్ని ఏ దేశానికా దేశం దయకు వదిలేశారు. అక్కడ చదువుకుంటున్న మన మెడిసిన్ విద్యార్థులు ఆ గొడుగు కిందికే రాలేదు. వాళ్లకు దిక్కయింది మన ప్రభుత్వం వాళ్లను వెనక్కి తెచ్చిన ఆపరేషన్ గంగ. అమెరికా ఇచ్చిన తాత్కాలిక రక్షణ హోదాకు 2023 ఆగస్టు 16 గీత. మర్నాడు దిగినవాళ్లదీ అదే యుద్ధమే అయినా ఆ హోదాకు వాళ్లు అర్హులు కారు.

వెలిగొండలో గీత వయసు మీద పడింది. 2005లో పదేళ్లున్న పిల్లాడికి 2025 నాటికి ముప్పై. పెళ్లయి, పిల్లలు పుట్టి, వేరు కాపురం పెట్టినా పాత సర్వే జాబితాలో అతను ఇంకా తండ్రి పేరు కింద మైనరే. 2014 జనవరి 1 నుంచి అమల్లోకొచ్చిన భూసేకరణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండిన కొడుకునైనా కూతురినైనా ప్రత్యేక కుటుంబంగా చూడమంది. వితంతువునూ, కుటుంబం వదిలేసిన స్త్రీనీ అలాగే లెక్కించమంది. కుటుంబం మాటలో ఇంత ఉదారంగా రాసుకున్న చట్టాలు తక్కువ. ఇబ్బంది ఎక్కడంటే, పద్దెనిమిదేళ్లు ఏ తేదీకి నిండాలన్న దగ్గర. ఊరు ఖాళీ చేసే నాటికి లెక్కగట్టాలన్నది నిర్వాసితుల డిమాండు. అది న్యాయం. జాప్యం చేసింది ప్రభుత్వమైతే, దాని నష్టం పెరిగి పెద్దయిన పిల్లల నెత్తిన వేయడం ఏ లెక్కన కుదురుతుంది?

రుజువుల బాధ ఇద్దరికీ ఉంది. మన పల్లెల్లో పుట్టిన తేదీ తెలియక ఆధార్‌లో జనవరి 1 పడినవాళ్లు కొల్లలు. ఆ ఒక్క అంకె మీద ఒక కుటుంబం జాబితాలోకి రావచ్చు, పోనూ వచ్చు. పెళ్లయిన కూతురి పేరు ఒక ఊరి రేషన్ కార్డులో, ఓటు మరో ఊళ్లో ఉంటే ఆమె ఎక్కడి మనిషో తేల్చేది కాగితమే. ఉక్రెయిన్‌వాళ్ల కాగితానికి తెగులు మరో వైపు నుంచి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో ఆ దేశం, విదేశాల్లో ఉన్న సైనిక వయసు పురుషులకు కాన్సులేట్ సేవలు ఆపింది. సైనిక రికార్డులు సరిచేసుకుంటేనే మళ్లీ సేవలంది. పాస్‌పోర్టు గడువు తీరినవాడు, ఆశ్రయమిచ్చిన దేశానికీ పుట్టిన దేశానికీ మధ్య ఇరుక్కున్నాడు.

ఇక తోడు మాట. బ్రిటన్ 2022 మార్చిలో ‘హోమ్స్ ఫర్ ఉక్రెయిన్’ తెచ్చి, తన ఇంట్లో చోటిచ్చిన గృహస్థుకు నెలకు 350 పౌండ్లు ఇచ్చింది. అమెరికా పెట్టిన ఇలాంటి పథకంలో అక్కడి స్పాన్సర్ ముందు దరఖాస్తు పెట్టాల్సి ఉండేది. ఇరుగుపొరుగు సాయాన్ని చట్టంలోకి ఎక్కించడం గొప్ప ఆలోచనే. కానీ అతిథికీ గృహస్థుకూ చెడితే నిలువ నీడ పోతుంది. 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం మారగానే ఆ పథకమే ఆగింది. దయ మీద నిలబెట్టిన హక్కు దయ ఉన్నంతకాలమే.

ముంపు గ్రామాల్లో తోడుకు జీతం లేదు, చట్టంలో పేరూ లేదు. అర్జీ రాసిపెట్టే చదువుకున్న కుర్రాడు, మీసేవ నుంచి కాగితాలు తెచ్చే బంధువు, సోమవారం గ్రీవెన్స్‌కు పదిమందిని ఆటోలో ఎక్కించి తీసుకెళ్లే కార్యకర్త, వీళ్లే ఆసరా. అయితే భూసేకరణ చట్టం కూడా కొంత చోటిచ్చింది. వంద ఎకరాలు, అంతకు మించి సేకరించే ప్రాజెక్టుకు పునరావాస కమిటీ వేయాలనీ, అందులో ముంపు ప్రాంత మహిళలకూ, ఎస్సీ ఎస్టీలకూ, స్వచ్ఛంద సంస్థకూ, పంచాయతీకీ చోటుండాలనీ రాసింది. గ్రామసభతో సంప్రదించి సామాజిక తనిఖీ చేయడం ఆ కమిటీ బాధ్యతేనంది. బ్రిటన్ గృహస్థుకు లేని అధికారమిది. అతను ఆశ్రయమివ్వగలడు గానీ ప్రభుత్వాన్ని నిలదీసే కుర్చీ అతనికి లేదు.

గడువు విషయంలో ఇద్దరివీ ఎదురెదురు కష్టాలు. ఐరోపా రక్షణ విడతలవారీగా పొడిగిస్తూ 2027 మార్చి 4 దాకా వచ్చింది. ఆ తర్వాతేమిటన్న భయంతో ఉద్యోగమిచ్చేవాడూ ఇల్లు అద్దెకిచ్చేవాడూ వెనకాడతారు. వెలిగొండలో ప్రభుత్వం గడువులన్నీ దాటింది, అడిగే నాథుడు లేడు. ఊరు ఎలాగూ పోతుందని కొత్త ఇల్లు కట్టుకోలేక, ప్యాకేజీ చేతికందక కదల్లేక ఒక తరం గడిచిపోయింది.

నా తీర్పు ఇది. ముందు హక్కు, తర్వాత కాగితం అన్న వరుసను మనం ఐరోపా నుంచి నేర్చుకోవాలి. హక్కును దాత ఇష్టానికి వదలకుండా చట్టంలో రాసుకోవడంలో మన చట్టమే మెరుగు, అమలు చేస్తే. సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి కావాలని ఆ చట్టమే చెబుతోంది. కాబట్టి నల్లమలసాగర్‌లోకి నీళ్లు వదిలే తేదీ ప్రకటించే ముందు, అక్కడి నుంచి ఆరు నెలలు వెనక్కి లెక్కపెట్టాలి. అర్హుల జాబితానూ, తిరస్కరించిన ప్రతి పేరు పక్కన కారణాన్నీ గ్రామ సచివాలయం గోడకు అంటించాలి. కమిటీ కలెక్టరేట్‌లో కాకుండా సుంకేసులలో, గొట్టిపడియలో కూర్చోవాలి. ఇవి జరగనిదే గేట్లు ఎత్తకూడదు.