గునుగు పూల చక్రం

ఈ వారం మా పక్క క్వార్టర్ చెల్లె చాటనిండా ఎండిన గునుగు పూలు పట్టుకొచ్చి, "అన్నా, క్రిస్మస్‌కు తలుపుకు రీతు కట్టాలె, జర చెయ్యి పట్టు" అన్నది. పూలు చూసి ప్రాణం లేచొచ్చింది. ఆ మాట విని మనసు ముడుచుకున్నది.

ముందు పూల సంగతి. బతుకమ్మ పేర్చగా మిగిలిన గునుగును ఆమె పారేయలేదు. చిన్న చిన్న కట్టలు కట్టి, నీడపట్టున తలకిందులుగా వేలాడదీసింది. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. తంగేడు తెల్లారేసరికి వాడుతుంది, బంతి నల్లబడుతుంది, గునుగు మాత్రం ఎండినాక కూడా ఆ వెండి మెరుపు పోగొట్టుకోదు. సగం కట్టలను ఎర్ర రంగులో ముంచింది, సగం తెల్లగానే ఉంచింది. మా ఊళ్లో లక్ష్మీనగర్ దుకాణాల ముందు ప్లాస్టిక్ ఆకుల చక్రాలు వేలాడే ఈ రోజుల్లో, గుమ్మానికి కట్టేది ఇంట్లోవాళ్ల చేతులే కట్టాలని ఏళ్ల తరబడి ఇక్కడ మొత్తుకుంటున్న నాకు ఇంతకన్నా ఏం కావాలి?

కానీ రీతు! గోదావరిఖనిలో పెరిగినవాడికి ఆ మాట చావు కబురు. బొగ్గు బాయిలో మనిషి పోతే శవం మీద పెట్టేది అది, అమరుల స్తూపం దగ్గర ఉంచేది అది. 2003 జూన్ 16న ఏడో ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయారు. ఆ తర్వాత గుండ్రంగా కట్టిన పూలు ఎక్కడ కనబడ్డా మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. ఆమె భయం అంతకంటే పాతది. నా చిన్నప్పుడు నాన్న కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మసుతో టబ్బులు నింపిన మనిషి. రెండో షిఫ్టు రోజుల్లో రాత్రి 11 దాటినాక సైకిల్ చప్పుడు వినబడేదాకా అమ్మ అన్నం ముట్టేది కాదు. ఖాళీగా కూర్చోలేక బుట్టలు అల్లేది. బొగ్గు పేల్చినాక పనికిరాకుండా మిగిలే ఎర్ర, పసుపు వైర్ల బుట్టలు. ఒక బుట్ట పూర్తి కావచ్చిందంటే ఆ రోజు నాన్న ఆలస్యమైనట్టే.

అందుకే చెల్లెతో అన్నాను: "రీతు వద్దమ్మా. మామిడి తోరణం కట్టు, స్టార్ పెట్టు, చాలు."

ఆమె వెదురుబద్ద వంచుతూనే ఉంది. "పోయినోళ్లకు పెడతరని నాకెరుకే అన్నా. మా ఆయనకు ఈ వారం సెకండ్ షిఫ్టు. పండుగ ముందు రాత్రి ఇల్లు చేరేసరికి పన్నెండైతది. వచ్చేటోనికి పెట్టొద్దా?"

నేను మాట్లాడలేదు. క్రిస్మస్‌కు ముందు చర్చిల్లో పెట్టే ఆగమన కాలపు చక్రం గుర్తొచ్చింది. 1839లో జర్మనీలోని హాంబుర్గ్‌లో, దిక్కులేని పిల్లల కోసం ఆశ్రమం నడిపిన యోహాన్ విఖెర్న్, పండుగ ఇంకెన్నాళ్లని రోజూ అడిగే పిల్లలకు ఒక పాత బండి చక్రం మీద కొవ్వొత్తులు నిలబెట్టాడు. ఆదివారాలకు నాలుగు పెద్ద తెల్లవి, మిగతా రోజులకు చిన్న ఎర్రవి. రోజుకొకటి వెలిగించారు. పచ్చని కొమ్మలు తర్వాత వచ్చి చేరాయి. ఎదురుచూసే పిల్లల కోసం పుట్టిన చక్రం అది. మా అమ్మ బుట్టలకు దగ్గరి చుట్టం.

లేచి ఇంట్లోకి పోయి అమ్మ ట్రంకుపెట్టె తెరిచాను. వైరు చుట్ట ఇంకా ఉంది.

నానబెట్టిన బద్దను గుండ్రంగా వంచి, రెండు కొసలూ ఆ వైరుతో బిగించాం. ఐదారు గునుగు కాడలు, రెండు నీలగిరి ఆకులు కలిపి ఒక కట్ట. ప్రతి కొత్త కట్ట తల ముందు కట్టిన కాడలను కప్పాలి, అన్నీ ఒకే దిక్కుకు వాలాలి. ఆఖరి కట్ట దగ్గరే కష్టం. దాని కాడలను మొదటి కట్ట తల ఎత్తి కిందికి దూర్చాలి, లేకపోతే అతుకు బయటపడుతుంది. మూడుసార్లు విప్పి కట్టాం.

చీకటి పడ్డాక తలుపు మేకుకు తగిలించింది. నేను షిఫ్టు దిగినవాళ్లు వచ్చే మలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి చూశాను. వీధిదీపం వెలుగులో ఎరుపు తెలియలేదు, తెలుపు కనబడింది. ఇంకో జానెడు పైకి కట్టమని అక్కడి నుంచే కేకేశాను.