బెల్టు తప్పు కాదు

వానాకాలం పొద్దున్నే మా వీధిలో ఏదో ఒక కారు కీచుమంటూ నిద్ర లేస్తుంది. రెండు నిమిషాలు అరిచి ఊరుకుంటుంది. ఊరుకుంది కదా అని నడిపేవాళ్లు మర్చిపోతారు. నేనూ ఓ ఏడాదిపాటు అలాగే మర్చిపోయాను.

పొద్దుటిపూటే ఎందుకు అరుస్తుందో తెలిశాక బానెట్ కింద నాకు కొత్త లోకం కనపడింది. స్టార్ట్ చేసేటప్పుడు బ్యాటరీ ఖర్చుపెట్టిన కరెంటును ఆల్టర్నేటర్ వెంటనే తిరిగి నింపాలి. ఆ కాసేపూ దాన్ని తిప్పడం బెల్టుకు కష్టం. పైగా ఆల్టర్నేటర్ పుల్లీ చిన్నది. ఇంజిన్‌తో పాటు తిరిగే క్రాంక్ పుల్లీ ఒక చుట్టు తిరిగేలోపు అది రెండున్నర, మూడు చుట్లు తిరగాలి. బెల్టుకు పట్టు దొరికే చోటు తక్కువ, రాత్రి తేమ కూడా తోడైతే జారుతుంది. మనకు వినిపించే కీచు ఆ జారుడిదే.

నేను బెల్టు మార్పించాను. నాలుగు నెలలకు మళ్లీ అదే కూత. ఇంకోటి వేయించాను. మూడోసారి విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన కొత్త బెల్టు తియ్యనేలేదు. ఉన్నదాన్ని విప్పి, ఒక్కో పుల్లీని వేలితో తిప్పుతూ తల వంచి విన్నారు. బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ దగ్గర ఆగారు. "బెల్టేం చేసిందండీ పాపం! ఇదిగో, ఇది చూడండి" అని నా చేతికిచ్చారు. స్ప్రింగులో బిగువు లేదు. పుల్లీ తిప్పితే లోపల ఇసుక పోసినట్టు గరగర. అది పట్టి ఉంచలేక బెల్టు జారుతోంది, జారి జారి నున్నబడుతోంది. నేను మాత్రం బెల్టుల మీద డబ్బు పోశాను.

ఆయన చెప్పినవాటిలో నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. బెల్టుకు దారి చూపే ఐడ్లర్ పుల్లీ, చేత్తో తిప్పితే చాలాసేపు సులువుగా తిరిగితే మంచిదని నేననుకునేవాణ్ణి. నిజానికి గ్రీజు నిండుగా ఉన్న బేరింగు కాస్త తిరిగి మెత్తగా ఆగిపోతుంది. గ్రీజు ఎండిపోయిందే గలగలమంటూ తిరుగుతూనే ఉంటుంది.

అంబాసిడర్ రోజుల్లో ఇంత లేదు. ఒక్క ఫ్యాన్ బెల్టు ఫ్యానునూ వాటర్ పంపునూ డైనమోనూ తిప్పేది. బొటనవేలితో నొక్కితే అర అంగుళం దిగాలి; ఎక్కువ దిగితే డైనమో బోల్టు వదులు చేసి, వెనక్కి లాగి బిగించేవారు. బెల్టు ముసలిదైతే పగుళ్లే చెప్పేవి. ఇప్పుడు వస్తున్న ఈపీడీఎం రబ్బరు అంత తేలిగ్గా పగలదు. టైరు అరిగినట్టు గాళ్లు లోలోపల అరిగిపోతాయి, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. అందుకే కళ్లను నమ్మి మోసపోతాం.

రైసు మిల్లు పట్టాలకు గుగ్గిలం రాసిన అలవాటుతో కారు బెల్టుకు సబ్బో మరేదో రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కూత నాలుగు రోజులు ఆగుతుంది. దుమ్ము అంటుకుని గాళ్లు పూడతాయి, జబ్బు అలాగే ఉంటుంది. అంతకంటే గుక్కెడు నీళ్లు మేలు. ఇంజిన్ నడుస్తుండగా, దూరం నుంచి, బెల్టు గాళ్ల వైపు కాసిని చల్లాలి. కూత ఆగి, కాసేపటికి మళ్లీ వస్తే పుల్లీలు ఒక వరుసలో లేనట్టు. నీళ్లు పడగానే పెరిగితే బిగువు లేనట్టు. చున్నీ, తువ్వాలు, వదులు చొక్కా చేతులు దగ్గరికి రాకూడదు. చేయి పెట్టాల్సి వస్తే ఇంజిన్ ఆపి తాళంచెవి జేబులో వేసుకోవాలి. ఆపిన తర్వాత కూడా రేడియేటర్ ఫ్యాను దానంతటదే తిరగొచ్చు.

నిన్న పొద్దున్న ఎదురింటి కారు అరిచింది. సీసాతో నీళ్లు పట్టుకుని వెళ్లాను. చల్లగానే కూత రెట్టింపైంది. వాళ్లబ్బాయి అప్పటికే ఫోనులో కొత్త బెల్టు ధర చూస్తున్నాడు.

"ఆగు నాన్నా, ముందు టెన్షనర్ చూపించు" అన్నాను.