అరుంధతి దాటాక

పెళ్లిలో అరుంధతిని చూపించే పురోహితుడి వేలు వశిష్ఠుడి దగ్గరే ఆగిపోతుంది. చేయి చాచి, అక్కడి నుంచి ఇంకో నాలుగు వేళ్ల మేర ముందుకు వెళ్తే సప్తర్షి మండలం తోక కొసన మరీచి ఉంటాడు. ఆకాశం చూడటం నేర్పమని ఎవరడిగినా నేను మొదట చూపించేది ఆ చుక్కనే.

కారణం దాని రంగు. చీకట్లో మన కంటికి రంగులు అంతగా తెలియవు కనుక చుక్కలన్నీ తెల్లగానే ఉంటాయనుకుంటాం. బాగా ప్రకాశించే కొన్నింటిలోనే రంగు పట్టుబడుతుంది. మరీచిది నీలి ఛాయ తేలే తెలుపు. సూర్యుడి ఉపరితలం వేడి 5,500 డిగ్రీలైతే దీనిది సుమారు 15 వేలు. వేడి పెరిగేకొద్దీ కాంతి నీలం వైపు జరుగుతుంది.

ఆ నీలం వెనక వయసు కూడా ఉంది. సప్తర్షుల్లో మరీచే పసివాడు, సుమారు కోటి ఏళ్లవాడు. డైనోసార్లు అంతరించి 6.6 కోట్ల ఏళ్లయింది. వాటి ఆకాశంలో మరీచి లేడు. సూర్యుడికి దాదాపు 6 రెట్ల బరువు కాబట్టి హైడ్రోజన్‌ను విపరీతమైన వేగంతో మండిస్తున్నాడు. సూర్యుడి ఆయుష్షు వెయ్యి కోట్ల ఏళ్లు, ఇతడిది కొన్ని కోట్లే. పైగా ఈ ఏడుగురూ ఒక ఇంటివాళ్లు కారు. మధ్యలోని ఐదుగురు ఒకే దిక్కుగా కలిసి సాగుతున్నారని రిచర్డ్ ప్రాక్టర్ 1869లో గుర్తించాడు. మరీచిదీ, అటు కొసన ఉన్న క్రతువుదీ వేరే దారి.

ఇవన్నీ చదివితే తెలిసేవే. రంగు మాత్రం చూపుకు అలవాటు కావాలి. ఒక్క చుక్కనే ఎంతసేపు చూసినా అది తేలదు, జత కావాలి. తోక వంపు పట్టుకుని అలాగే ముందుకు పోతే స్వాతి తగులుతుంది. కేంద్రంలో హైడ్రోజన్ అయిపోయి ఉబ్బిన ముసలి నక్షత్రం, నారింజ రంగు. చూపును ఇటూ అటూ మార్చుకుంటూ ఉంటే మరీచి నీలం నెమ్మదిగా బయటపడుతుంది. మా మేనకోడలు ఒకసారి రెండూ చూసి, "మావయ్యా, అది పాత బల్బు, ఇది ట్యూబులైటు" అంది. ఇంతకంటే బాగా నేను చెప్పలేను. బైనాక్యులర్స్ ఉంటే ఫోకస్ కొద్దిగా చెదరగొట్టి చూడండి, చుక్క బిళ్లలా పరుచుకుని రంగు ఇంకా తేటగా తెలుస్తుంది.

మే నెలాఖరులో రాత్రి 10 గంటల వేళ స్వాతి దాదాపు నడినెత్తిన, మరీచి ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటారు. వీధి దీపం కంట పడని డాబా చూసుకోండి. ఓ 20 నిమిషాలు ఫోన్ ముట్టుకోవద్దు. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి. రంగు పేరు మాత్రం మీరు ముందే చెప్పకండి, వాళ్లనే చెప్పనివ్వండి.