అడ్రస్‌ను చివరి నుంచి చదవాలి

గేమ్ ఐడీలు కొట్టేసే దొంగ మెయిళ్లను పట్టుకోవాలంటే ఇంగ్లిష్‌లో తప్పులు వెతకమని ఏళ్లుగా చెబుతున్నారు. వనపర్తి జిల్లా కొత్తకోటలో ఫ్రీ ఫైర్ మ్యాక్సో, బీజీఎంఐయో ఆడే తెలుగు మీడియం పిల్లాడికి ఆ సలహా ఏనాడూ పనికిరాలేదు. కంపెనీ రాసిన ఇంగ్లిష్, దొంగ రాసిన ఇంగ్లిష్ అతనికి ఒకేలా కనిపిస్తాయి. పైగా ఇప్పుడు ఏఐ పుణ్యాన తప్పుల్లేని ఇంగ్లిషూ, చదవబుద్ధేసే తెలుగూ దొంగకు నిమిషంలో తయారవుతున్నాయి. తొందరపెట్టే మెయిల్‌ను నమ్మొద్దన్నది రెండో సలహా. అదీ సగమే పనిచేస్తుంది. 2020 సెప్టెంబర్ 2న కేంద్రం పబ్జీని నిషేధించాక, 2021 జూలైలో క్రాఫ్టన్ కంపెనీ దాని స్థానంలో బీజీఎంఐ తెచ్చింది. పాత ఖాతాలోని సామగ్రిని కొత్త గేమ్‌లోకి మార్చుకోవడానికి కంపెనీయే లాగిన్ అడిగింది, గడువూ పెట్టింది. ఫ్రీ ఫైర్ రిడీమ్ కోడ్‌లకూ గడువుంటుంది. వాటిని వాడుకోవాలంటే ఆ గేమ్ కంపెనీ గరేనా అసలు సైట్‌లో కూడా ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ కావాల్సిందే. బహుమతి, గడువు, లాగిన్ - ఈ మూడింటినీ కంపెనీలే పిల్లలకు అలవాటు చేశాయి. దొంగ ఆ అలవాటునే వాడుకుంటున్నాడు. కాబట్టి మెయిల్ ఏం చెబుతోందన్నది పక్కనపెట్టి, మనల్ని ఎక్కడికి తీసుకెళ్తోందో చూడటం నేర్పాలంటాను.

దీనికి ఇంగ్లిష్ భాష రానక్కర్లేదు, అక్షరాలు గుర్తుపడితే చాలు. జీమెయిల్ యాప్‌లో పైన కనిపించేది పంపినవాడు తనకు తాను పెట్టుకున్న పేరు. గరేనా సపోర్ట్ అని ఎవరైనా పెట్టుకోవచ్చు. కిందున్న చిన్న బాణం గుర్తు నొక్కితే మెయిల్ ఐడీ బయటపడుతుంది. లోపలి లింక్‌ను తెరవకుండా దాని మీద వేలు నొక్కిపట్టి ఉంచితే అది పోయే అడ్రస్ కనిపిస్తుంది. అందులో ముందు గరేనా, తర్వాత చుక్క, తర్వాత రివార్డ్స్ లాంటి మాటేదో, మళ్లీ చుక్క, చివర షాప్ అని ఉందనుకోండి. హెచ్‌టీటీపీఎస్ పక్కనున్న జంట స్లాష్‌లు దాటి, తర్వాత వచ్చే స్లాష్ దగ్గర ఆగి, అక్కణ్నుంచి వెనక్కి చదవాలి. చివరి చుక్కకు అటూ ఇటూ ఉన్న మాటలే ఆ సైట్ ఎవరిదో చెబుతాయి (చివర కో డాట్ ఇన్ లాంటిది ఉంటే ఇంకో మాట వెనక్కి పోవాలి). ముందున్న గరేనాకు ఏ విలువా లేదు. కవరు మీద ఉత్త కొత్తకోట అని రాస్తే అది మన వనపర్తి జిల్లాకు రావచ్చు, మదనపల్లె వైపు బి.కొత్తకోటకు పోవచ్చు, అనకాపల్లి జిల్లాలోని కొత్తకోటకూ పోవచ్చు. ఏ ఊరో తేల్చేది చివరి వరుసే.

పిల్లలు మెయిళ్లు ఎక్కడ చూస్తారు, అన్నీ ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ లింకులే కదా అనొచ్చు. నిజమే. కానీ లింక్ ఏ దారిన వచ్చినా దాన్ని చదివే పద్ధతి మారదు. పోతే గేమే కదా అనడం మాత్రం ఒప్పుకోలేను. ఆ గేమ్‌కు ఇచ్చిన లాగిన్ గూగుల్‌దైతే ఇంటి ఫొటోలూ, మెయిళ్లూ, ఇతర ఖాతాల పాస్‌వర్డ్‌లు మార్చుకునే వీలూ దాని వెనకే ఉంటాయి. అమాయకులే మోసపోతారన్నదీ నిలవదు. స్టీమ్ గేమ్ వేదికను నడిపే వాల్వ్ 2015 డిసెంబర్‌లో నెలకు దాదాపు 77,000 ఖాతాలు దొంగలపాలవుతున్నాయని స్వయంగా ప్రకటించింది. వాటిలో ప్రొఫెషనల్ ఆటగాళ్లవీ ఉన్నాయంది. అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది: అడ్రస్‌ను కూడా నకిలీ చేయగలరు కదా? చేయగలరు. దొంగ పేజీలోనే ఉత్తుత్తి లాగిన్ కిటికీ గీసి, దాని నెత్తిన అసలు అడ్రస్ రాసిపెట్టే పద్ధతితో స్టీమ్ ఖాతాలకు గురిపెట్టినట్టు 2022లో గ్రూప్-ఐబీ అనే సైబర్ భద్రతా సంస్థ బయటపెట్టింది. అందుకే అడ్రస్ తేడాగా ఉంటే మెయిల్ దొంగదని తేల్చేయొచ్చు గానీ, సరిగ్గా ఉందని నమ్మి లోపలికి పోకూడదు. మెయిల్ మూసేసి, గేమ్ మనమే తెరిచి, అందులోని మెయిల్‌బాక్స్ చూసుకోవాలి. నిజమైన బహుమతైతే చాలాసార్లు అక్కడే కనిపిస్తుంది. అక్కడా లేకపోతే కంపెనీ అసలు సైట్‌ను మనమే తెరిచి చూసుకోవాలి. ఈ క్రమంలో ఒక కోడ్ గడువు దాటిపోయినా నష్టం చిన్నదే.

అసలు ఆ ఆటలెందుకని పెద్దలు అడుగుతారు. వారి బాధ అర్థమవుతుంది. కానీ 2025లో పార్లమెంటు చేసిన చట్టం నిషేధించింది డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను. పందెం లేని ఆటలకు ఆ నిషేధం లేదు, పిల్లలు ఆడుతూనే ఉంటారు. తిట్లకు భయపడి ఐడీ పోయిన సంగతి ఇంట్లో దాచిపెడితే, దొంగకు కావాల్సిన వ్యవధి మనమే ఇచ్చినట్టవుతుంది. రికవరీ నంబర్‌ను అతను మార్చేలోపే పాస్‌వర్డ్ మార్చి, గూగుల్ ఖాతాలోని సెక్యూరిటీ పేజీలో తెలియని ఫోన్లన్నిటినీ సైనవుట్ చేయాలి. డబ్బు కూడా పోతే 1930కి ఫోన్ చేయాలి. ప్రతి నెలా మొదటి బుధవారం సైబర్ అవగాహన దినంగా పాటించాలని కేంద్ర హోంశాఖ చెప్పింది. కొత్తకోట బడుల్లో ఆ రోజు ప్రతిజ్ఞలు చేయించే సమయంలో ఒక దొంగ లింక్‌ను బోర్డు మీద రాసి, పిల్లల చేత దాన్ని చివరి నుంచి చదివించమని ఉపాధ్యాయులను కోరుతున్నాను.