రామదాసు కీర్తన – దమ్మక్క వాటా

కొన్నేళ్ళ కిందట మేము పనిచేసే ఆశ్రమ పాఠశాలలో భక్తి పాటల పోటీ పెట్టాం. మార్కుల కాగితం మేమే గీశాం. రాగం, తాళం, ఉచ్చారణ, భక్తి భావం అని నాలుగు గడులు, ఒక్కో గడికి 5 మార్కులు. ఎక్కువమంది పిల్లలు రామదాసు కీర్తనలే పాడారు. భద్రాచలానికి దగ్గర ఊళ్ళ పిల్లలు కదా, ఊహ తెలిసినప్పటి నుంచి మైకులో విన్న పాటలవి. ఏడో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం కొత్తల పండుగకు వాళ్ళ అవ్వ పాడే కోయ పాట పాడింది. రాగానికి, తాళానికి మంచి మార్కులే వేశాం. భక్తి భావం గడిలో మాత్రం 1 వేశాం. పురాణాల్లో ఉన్న దేవుడి పేరు ఆ పాటలో ఏదీ లేదన్నది మా లెక్క. ఆ పిల్ల కాగితం చూసి, "సార్, మా వేల్పుకు పాడితే భక్తి కాదా?" అని అడిగింది. మేమూ కోయవాళ్ళమే. అయినా ఆమెకు జవాబు చెప్పలేకపోయాం.

ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా ఇస్తున్న జవాబు. అందుకు ముందు కీర్తనలో ఉన్న భక్తి ఏమిటో మనం సరిగా తెలుసుకోవాలి. తెలియకుండా నెత్తిన పెట్టుకోవడమూ తప్పే, తెలియకుండా తోసెయ్యడమూ తప్పే.

పెద్దలు చెప్పిన తొమ్మిది రకాల భక్తిలో కీర్తనం రెండోది. మొదటిది శ్రవణం. అంటే వినడం ముందు, పాడడం తర్వాత. భజనలో జరిగేదీ ఇదే. ఒకరు ఎత్తుకుంటారు, మిగతావాళ్ళు విని అందుకుంటారు. తాళాలు, చిడతలు, డోలక్ కలిసేసరికి ఎవరి గొంతు ఏదో తెలియకుండా పోతుంది. గొంతు బాగాలేనివాడు కూడా అక్కడ పాటగాడే. 'నేను' అన్నది కాసేపు పక్కకు పోవడమే భజనలో ఉన్న ఆధ్యాత్మికత అని మేము అర్థం చేసుకున్నాం. భజన, భక్తి, భాగం – ఈ మూడు మాటలూ ఒకే సంస్కృత ధాతువు నుంచి వచ్చాయి. దానికి సేవించడం అనే కాక పంచుకోవడం అనే అర్థం కూడా ఉంది. ఈ రెండో అర్థాన్ని మనం గట్టిగా పట్టుకోవాలి.

ఇక రామదాసు దగ్గరకు వద్దాం. ఆయన అసలు పేరు కంచర్ల గోపన్న. గోల్కొండను 1672 నుంచి 1687 వరకు ఏలిన అబుల్ హసన్ తానీషా కాలంలో పాల్వంచ పరగణా తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడని, అందుకే గోల్కొండ కోటలో ఖైదు చేశారని కథ. ఆరు లక్షల వరహాల బాకీ అనీ, పన్నెండేళ్ళ చెర అనీ పెద్దలు చెబుతారు. ఆయన ఉన్నదని చెప్పే కొట్టును ఇప్పటికీ కోటలో చూపిస్తారు.

ఈ కీర్తనల గొప్పతనం ఎక్కడుంది? దేవుడితో మాట్లాడే తీరులో ఉంది. ఆయన రాముణ్ణి దూరంగా నిలబడి పొగడలేదు. సొంత మనిషిని అడిగినట్టు అడిగాడు, అలిగాడు, ఎత్తిపొడిచాడు. రాముడు పలకకపోతే సీతమ్మను పట్టుకుని, ఏకాంతంలో ఉన్నప్పుడు నా మాట చెప్పమ్మా అని బతిమాలుకున్నాడు. సీతమ్మకు చేయించిన చింతాకు పతకం, భరతుడికి చేయించిన పచ్చల పతకం అంటూ చేసిన ఖర్చులన్నీ ఏకరువు పెట్టి నిలదీశాడు. అదే కీర్తన చివరికి వచ్చేసరికి, ఒంటి బాధ తాళలేక నోరు జారానని సంజాయిషీ చెప్పుకున్నాడు. తిట్టడం, మళ్ళీ క్షమించమనడం రెండూ ఒక్క పాటలోనే ఇమిడాయి. పండితుల మెప్పు కోసం రాసినవాడు ఇలా రాయడు. అందుకే తర్వాతి కాలంలో త్యాగరాజు అంతటివాడు కూడా తన కీర్తనల్లో రామదాసును తలుచుకున్నాడు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతులో అవి ఊరూరికీ చేరాయి. చదువు లేని మా తాతలు కూడా వాటిని నోటికి పాడేవాళ్ళు. కష్టంలో ఉన్న మనిషి పైవాణ్ణి నిలదీయవచ్చు అన్న ధైర్యం వాటిలో ఉంది. ఆ ధైర్యం మనకు ఇష్టం.

అయితే ఆ ఖర్చుల లెక్క విన్నప్పుడల్లా మాకు ఒక సందేహం వస్తుంది. ఎవరి సొమ్ముతో ఈ నగలు పెట్టుకున్నావని భక్తుడు దేవుణ్ణి అడిగాడు, బాగుంది. ఆ సొమ్ము అంతకుముందు ఎవరిది? పరగణా శిస్తు అంటే చెమటోడ్చి పండించినవాళ్ళ దగ్గర వసూలైన సొమ్ము. కథలో తగాదా అంతా తహసీల్దారుకూ, నవాబుకూ, దేవుడికీ మధ్య నడుస్తుంది. చివరకు రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ చెల్లించారంటారు. అక్కడితో లెక్క తెగిపోయింది. శిస్తు కట్టినవాళ్ళు ఆ కథలో ఎక్కడా మాట్లాడరు. ఇది రామదాసు మీద నేరం మోపడం కాదు. ఆయన చెర అనుభవించాడు. పాటను మనం చదివే పద్ధతి గురించి ఈ మాట. పాటలో ఉన్నవాళ్ళ బాధ వింటూనే, పాటలో లేనివాళ్ళు ఎవరని కూడా అడగాలి.

అలా లేనివాళ్ళలో మొదటి మనిషి పోకల దమ్మక్క. స్థలపురాణమే చెబుతోంది: పుట్టలో ఉన్న విగ్రహాలు కనబడింది కోయ ఆడమనిషి దమ్మక్కకు. గోదావరి నీళ్ళు తెచ్చి పుట్ట కరిగించింది. తాటాకుల పందిరి వేసింది. తాటిపండు నైవేద్యం పెట్టింది. రాతిగుడి, నగలు, కీర్తనలు అన్నీ ఆ తర్వాతివే. ఇప్పుడు ఆలయంవాళ్ళు ఆమె పేరుతో సేవా యాత్ర జరుపుతున్నారు, మంచిదే. కానీ మనం బడిలో, భజన గుడిలో పాడుకునే కీర్తనల్లో ఆమె పేరు మాకు వినబడలేదు. పందిరి కింద కూర్చుని ఆమె ఏమీ పాడకుండా ఉందా? మన ఆడవాళ్ళు నాట్లకూ పాడతారు, పెళ్ళికీ పాడతారు, చావుకూ పాడతారు. వేల్పు ముందు నోరు మూసుకుని కూర్చునే అలవాటు మనకు లేదు. ఆమె పాడే ఉంటుంది. ఆ పాటను ఎవరూ రాసి ఉంచలేదు, అంతే.

కీర్తనకు పల్లవి, చరణాలు ఉంటాయి. చివరి చరణంలో ముద్ర ఉంటుంది, అంటే పాట కట్టినవాడి పేరు. ఆ ముద్ర వల్ల మూడు వందల ఏళ్ళు దాటినా ఇది రామదాసు కీర్తన అని గుర్తుపడుతున్నాం. మన పాటలకు ముద్ర లేదు. రేల పాట పాడే ఆడవాళ్ళలో ఎవరూ ఇది నా పాట అనరు. డోలీవాళ్ళు పడిగె పరిచి, దాని మీది బొమ్మలు చూపిస్తూ గట్టుల పుట్టుక, వేల్పుల కథలు పాడతారు. అందులో పాటగాడి పేరు రాదు, వంశం పేరు వస్తుంది. 'నేను' పక్కకు పోవడమే ఆధ్యాత్మికత అయితే, పేరు కూడా పెట్టుకోని ఈ పాటలో అది లేదని ఎలా అంటాం? ముద్ర లేనందువల్ల ఇవి ఎవరివీ కాని పాటలై, సాహిత్యం లెక్కలోకి రాకుండా పోయాయి. 2022లో కంచు మేళం, కంచు తాళం కళాకారుడు సకిని రామచంద్రయ్యకు పద్మశ్రీ వచ్చినప్పుడు మనం సంబరపడ్డాం. 2024లో ఆయన పోయారు. అలాంటి పెద్దమనిషి ఒకరు పోతే ఎన్ని పాటలు వెంట పోతాయో మనకు తెలుసు.

అందుకని ఉపాధ్యాయ మిత్రులకు మా మనవి. రామదాసు కీర్తనను బడిలో మానెయ్యవద్దు. బాగా పాడించండి, అర్థం చెప్పండి. అది చెప్పే రోజే దమ్మక్క కథ చెప్పండి. శిస్తు ఎవరు కట్టారని పిల్లల్ని అడగండి. ఆ వారంలోనే వాళ్ళ అవ్వ పాటో, తాత పాటో ఒకటి రాసుకుని రమ్మనండి. కోయ మాటల్ని తెలుగు లిపిలో రాసినా చాలు. పాట కింద ఎవరు పాడారో, ఏ ఊరో, ఏ పండుగకో రాయించండి. పాడినవాళ్ళ అనుమతి అడిగే రాయించండి. కొన్ని వేల్పు పాటలు పండుగ రోజున తప్ప పాడకూడదంటారు. ఆ కట్టుబాటును గౌరవించి వాటిని వదిలెయ్యండి.

మన యువకులకు కూడా ఒక మాట. భజన మండలిలో ఉన్న తమ్ముణ్ణి వేల్పును మరిచాడని ఎగతాళి చెయ్యవద్దు. వేల్పు దగ్గర డోలు కొట్టే తమ్ముణ్ణి వెనకబడ్డాడని భజన చేసేవాళ్ళు అనవద్దు. భజన అంటే పంచుకోవడమే అయితే, ఒక పాట బతకడానికి ఇంకొక పాట చావనక్కరలేదు.

పోయిన సంవత్సరం పోటీకి మార్కుల కాగితం మళ్ళీ గీశాం. భక్తి భావం గడి తీసెయ్యలేదు. దాని పక్కన 'ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నావు, ఎప్పుడు పాడతారు' అని ఇంకొక గడి పెట్టాం. కోయ పాటలు పాడడానికి పదకొండు మంది పేర్లిచ్చారు. అప్పుడు ప్రశ్న అడిగిన అమ్మాయి ఇప్పుడు మా బడిలో లేదు, పై చదువుకు వెళ్ళింది. ఆమెకు ఆ రోజు మేము వేసిన 1 మార్కు తప్పని ఆమెకు చెప్పాల్సి ఉంది. ఈ పుస్తకం ఆమె చేతికి అందితే, ఇదే ఆ మాట అనుకోవాలి.