డాలు పట్టిన పక్షిరాజులు

స్పెయిన్‌లోని టొలేడో నగరంలో సాన్ హువాన్ దె లోస్ రేయెస్ అనే మఠాలయం ఉంది. 1476లో టోరో యుద్ధం జరిగాక రాణి ఇసాబెల్, రాజు ఫెర్నాండో దీన్ని కట్టించారు. తమ సమాధులు ఇక్కడే ఉండాలని వాళ్ల కోరిక. నిర్మాణ బాధ్యత హువాన్ గ్వాస్‌ది. ఆయనది బ్రిటనీ నుంచి వలసవచ్చిన రాతిపనివాళ్ల కుటుంబం. చూడవచ్చినవాళ్లు బయటి గోడలకు వేలాడే ఇనుప సంకెళ్ల దగ్గరే ఆగిపోతుంటారు. గ్రనాడా యుద్ధంలో విడుదలైన క్రైస్తవ బందీల సంకెళ్లవి. అసలు పనితనం మాత్రం లోపల, బలిపీఠానికి ముందు అటూ ఇటూ ఉన్న గోడల మీద ఉంది.

అక్కడ భారీ పక్షిరాజులు వరుసగా నిలబడి ఉంటాయి. ఒక్కొక్కటీ రెక్కలు విప్పి, రాజలాంఛనమున్న డాలును రొమ్ముకు ఆనించి పట్టుకుంది. తల వెనక కాంతివలయం ఉంది కాబట్టి అది వేటపక్షి కాదు, సువార్తికుడైన యోహాను పక్షి. ఆ సువార్తికుడంటే ఇసాబెల్‌కు ఎనలేని భక్తి.

ఇక డాలును చూడండి. కాస్తీల్‌కు కోట, లియోన్‌కు సింహం, అరగాన్‌కు నిలువు పట్టెలు, సిసిలీకి చిన్న పక్షిరాజులు. లెక్కపెడితే ఒక్క డాలులోనే నాలుగు కోటలు, నాలుగు సింహాలు, నాలుగు పక్షులు. జెండా మీదైతే ఎరుపు, పసుపు చూసి ఏ భాగం ఎవరిదో చెప్పేయవచ్చు. లేతరంగు రాతిలో ఆ సదుపాయం లేదు. రంగు చేయాల్సిన పనంతా ఎత్తుపల్లాలు చేయాలి: పట్టెను కాస్త పైకి తేల్చి, పక్క భాగాన్ని లోతుకు దించితే ఆ గాడిలో పడే నీడే గీత అవుతుంది.

నన్ను కట్టిపడేసేది ఇంకోటి. డాలులోపలి సింహం వెనక్కాళ్ల మీద లేచి, పలచగా, ముద్ర గుద్దినట్టుంటుంది. డాలు అడుగున ఉన్న సింహాలకు మాత్రం ఒళ్లుంది, బరువుంది. పక్షుల సంగతీ అంతే. లోపలివి రాజ్యం గుర్తులు, బయటిది ప్రాణమున్న పక్షి. ఒకే జంతువును ఒకే రాతిలో రెండు తీర్లుగా చెక్కి, ఏది గుర్తో ఏది జీవమో తికమక లేకుండా నిలబెట్టడం సామాన్యమైన ఉలి చేసే పని కాదు.

వరుస మొత్తం చూస్తే ఇది కొంచెం అతి అనిపించే మాట నిజమే. దేవుడి ఇంట్లో దేవుడికంటే రాజు గుర్తులే ఎక్కువ. పక్కనే కాడి, బాణాల కట్ట కూడా. అవి రాణీ రాజుల సొంత చిహ్నాలు.

ఈ డాళ్లలో దానిమ్మ పండు కనిపించదు. 1492లో గ్రనాడా చేజిక్కాకే అది స్పెయిన్ రాజలాంఛనంలో చేరింది. చివరికి ఆ దంపతుల సమాధులు కూడా గ్రనాడాలోనే వెలిశాయి, టొలేడోకు ఆ భాగ్యం దక్కలేదు.

ఈ ఆలయం లోపలి భాగానికి గ్వాస్ తోలుకాగితం మీద వేసిన చిత్రం మాద్రిద్‌లోని ప్రాడో మ్యూజియంలో ఉంది. వీలైతే ముందు అది చూసి, తర్వాత టొలేడో వెళ్లండి. సిరాగీతకూ ఉలిదెబ్బకూ తేడా అప్పుడు బాగా తెలుస్తుంది.